బస్సెక్కిన పాల సమాఖ్య

మందాకిని పాల సమాఖ్య మేనేజింగ్ డైరెక్టరు త్రివిక్రమరావు గారు బెంగుళూరులో ఒక సదస్సుకు వెళ్ళొచ్చారు. వెళ్ళేటప్పుడు ఆయన పాల గురించి మాట్లాడేవారు. వచ్చాక ఆర్కిటెక్చర్ గురించి తప్ప మాట్లాడలేదు.

కారణం లేకపోలేదు. సమాఖ్యలో ఒక పాత కంప్యూటరు ప్రోగ్రాము ఉండేది. రైతుల దగ్గర పాలు కొనడం, పరీక్షించడం, ట్యాంకర్లకెక్కించి పంపడం, అన్నిటి లెక్కలూ ఆ ఒక్క ప్రోగ్రామే చూసేది. దానికో జబ్బుంది. ఎక్కడో ఓ మూల పెరుగు ప్యాకెట్ల లెక్క తప్పితే మొత్తం ప్రోగ్రాము ఆగిపోయి, పాల ట్యాంకర్లు గేటు దగ్గరే నిలబడిపోయేవి. జబ్బు నిజమైనదే. మందు కావాలన్న మాటా నిజమే. ఆ మందును ప్రోగ్రాముకు వేయకుండా మనుషులకు వేయడంతో వచ్చింది తంటా.

"మన ప్రోగ్రాము ఒక ముద్ద," అన్నారు ఎండీ గారు, సెక్షను హెడ్డులందరినీ కూర్చోబెట్టి. "ముద్దను ముద్దగా ఉంచితే ప్రగతి లేదు. దాన్ని సేవలుగా విడగొట్టాలి. ఒక్కో సేవ ఒక్కో పని మాత్రమే చేస్తుంది. అడిగినదానికి జవాబు చెబుతుంది. తన లోపల ఏం జరుగుతోందో ఎవరికీ చెప్పదు. దీన్నే సర్వీస్ ఓరియెంటెడ్ ఆర్కిటెక్చర్ అంటారు. వచ్చే సోమవారం హైదరాబాదు నుంచి ఆర్కిటెక్ట్ గారు వస్తున్నారు."

హెడ్డులకు ఆఖరి వాక్యం ఒక్కటే అర్థమైంది. నెయ్యి గోడౌను కప్పు చాలాకాలంగా కారుతోంది. అందుకని సోమవారం ఆర్కిటెక్ట్ చక్రధర్ గారు కారు దిగగానే ఆయన్ని మర్యాదగా గోడౌనుకు తీసుకెళ్ళి, నిచ్చెన వేసి ఎక్కించారు. ఆయన సగం దాకా ఎక్కి, పగులు చూసి, కిందికి దిగి, "ఇది నా స్కోపులోకి రాదు," అన్నాడు.

"మరి మీరేం ఇళ్ళు కడతారండీ?" అనడిగాడు బాపినీడు.

"నేను ఇళ్ళు కట్టను. వ్యవస్థలు కడతాను."

"వాటికి కప్పుండదాండీ?"

చక్రధర్ గారు ఆ ప్రశ్నను డైరీలో రాసుకున్నాడు.

ఈ బాపినీడు డిస్పాచి సెక్షను ఇన్‌ఛార్జి. ఏ ట్యాంకు పాలు ఏ ట్యాంకరులో ఎక్కాలో, అది ఏ ఊరు పోవాలో చూసే మనిషి. పక్క గదిలో ల్యాబు. ల్యాబు ఇన్‌ఛార్జి సుభాషిణి, అతని భార్య. ఇద్దరూ సమాఖ్యలోనే పరిచయమై, సమాఖ్యలోనే పెళ్ళి భోజనం పెట్టారు. ల్యాబుకీ డిస్పాచికీ మధ్య గోడలో ఒక కిటికీ ఉంది. సుభాషిణి పాలను పరీక్ష గొట్టంలో మరిగించి చూసి, కిటికీలోంచి తల పెట్టి, "ఏవండీ, రెండోది పంపించెయ్యండి. నాలుగోది కాస్త పులుపు తిరుగుతోంది, పెరుక్కి ఇచ్చెయ్యండి," అనేది. అతను అలాగే చేసేవాడు. అదే కిటికీలోంచి మధ్యాహ్నం క్యారేజీ కూడా వచ్చేది.

చక్రధర్ గారు సమాఖ్యంతా తిరిగి చూసి, తెరమీద బొమ్మలు వేసి వివరించాడు. కొత్త సాఫ్ట్‌వేరు రావడానికి ఏడాది పడుతుంది. అందులో సేవలన్నీ విడివిడిగా ఉంటాయి. ఒకదానితో ఒకటి నేరుగా మాట్లాడుకోవు. అన్నిటికీ మధ్య ఒక బస్సు ఉంటుంది. ఏ సందేశమైనా బస్సెక్కి వెళ్ళాల్సిందే.

ఎండీ గారు లేచి నిలబడ్డారు. "ఏడాది ఎందుకు ఆగాలి? ముందు మనుషులకు అలవాటు కావాలి. సాఫ్ట్‌వేరు దాని పాటికది వస్తుంది. రేపట్నుంచి ప్రతి సెక్షనూ ఒక సేవ. బస్సు మన దగ్గర ఉండనే ఉంది."

నిజంగానే ఉంది. ఉద్యోగుల్ని ఊళ్ళోంచి తీసుకొచ్చే నీలం రంగు బస్సు.

"సార్, బస్సంటే ఆ బస్సు కాదండి," అన్నాడు చక్రధర్. "అదొక భావన."

"మా దగ్గర భావన సిద్ధంగా ఉంది. డీజిలు కూడా ఉంది. ఆర్కిటెక్చర్‌కూ టెక్నాలజీకీ సంబంధం లేదని పొద్దున మీరే కదా అన్నారు?"

చక్రధర్ అన్న మాట వాస్తవమే. అతను తెరమీది బొమ్మను కాసేపు చూశాడు. కిటికీలోంచి నీలం బస్సును కూడా చూశాడు. "సిద్ధాంతపరంగా అభ్యంతరం లేదండి," అన్నాడు.

ఆ మర్నాటినుంచి ఉద్యోగులు ఎవరి తంటాలు వాళ్ళు పడి ఆఫీసుకు రావడం, బస్సు ఆవరణలోనే తిరగడం మొదలైంది. బస్సు డ్రైవరు ఏసుపాదానికి, సేవల మధ్యవర్తి అనే అర్థంలో, 'మిడిల్‌వేర్' అని రాసిన బిళ్ళ ఒకటి చొక్కాకు తగిలించారు. బస్సు గేటు దగ్గర బయల్దేరి, పాల సేకరణ, ల్యాబు, నెయ్యి గోడౌను, పశువుల దాణా, అకౌంట్లు, క్యాంటీను చుట్టుకుని డిస్పాచికి చేరేది. ఒక్క దిశలోనే తిరిగేది. ల్యాబుకూ డిస్పాచికీ గోడ ఒకటే అయినా, ల్యాబులో రాసిన చీటీ ఆవరణంతా చూసుకుని గాని డిస్పాచికి వచ్చేది కాదు.

ఒక సేవ లోపలి వ్యవహారం మరో సేవకు కనిపించకూడదు గనక ఆ కిటికీని ఇటుకలు పెట్టి మూసేశారు. తాపీ మేస్త్రి ఆఖరి ఇటుక పెడుతుంటే సుభాషిణి ఇవతల్నుంచి, "మరి ట్యాంకు ఎలా ఉందో నేనెలా చెప్పాలండీ?" అనడిగింది.

"మీ సేవకు ఒప్పందం రాశాం మేడం," అన్నాడు చక్రధర్. "డిస్పాచి వారు 'ఫలానా ట్యాంకు బాగుందా?' అని అడుగుతారు. మీరు 'అవును' అని గాని 'కాదు' అని గాని చెబుతారు. అంతే."

"కాస్త పులుపు తిరిగింది, పెరుక్కి పనికొస్తుంది అని చెప్పాలంటే?"

"ఒప్పందంలో పెరుగు లేదు మేడం."

మొదట్లో అందరికీ సరదాగానే ఉంది. ముఖ్యంగా ఏసుపాదానికి. సందేశాలు మోయడమే కాదు, అవతలివాళ్ళకు అర్థమయ్యేలా మార్చి అందించడం కూడా బస్సు పనేనని చక్రధర్ అతనికి చెప్పాడు. ఏసుపాదం ఆ బాధ్యతను మనసుకు పట్టించుకున్నాడు. సుభాషిణి 'కాదు' అని రాసి ఇస్తే అది మరీ కటువుగా ఉందనిపించి, 'ప్రస్తుతానికి కాదండి' అని మార్చి ఇచ్చేవాడు. అకౌంట్ల వారి చీటీల కింద 'ఉంటాను, మీ శ్రేయోభిలాషి' అని చేర్చేవాడు. ఎవరైనా స్టాపులో చెయ్యెత్తకపోతే ఆపేవాడు కాదు. ఎండీ గారు ఒకసారి టీ కావాలని క్యాంటీనుకు చీటీ రాస్తే, దాన్ని తీసుకుని దాణా గోడౌను దగ్గర మాట్లాడుతూ నిలబడిపోయాడు. ఎండీ గారు మాత్రం విసుక్కోలేదు. చల్లారిన టీ తాగుతూ, "ఈ నిరీక్షణలోనే క్రమశిక్షణ ఉంది," అన్నారు.

పాలకు ఆ ఓపిక లేదు. 'రెండో ట్యాంకు బాగుందా?' అని బాపినీడు అడిగిన చీటీ ల్యాబుకు చేరి, 'అవును' అన్న జవాబు అతని దగ్గరికొచ్చేసరికి ఎండెక్కేది. ఆ జవాబు రాసినప్పుడు బాగున్న పాలు ఇప్పుడూ బాగున్నాయో లేదో అతనికి అనుమానం. మళ్ళీ అడిగేవాడు. మళ్ళీ 'అవును' వచ్చేది, మరింత ఆలస్యంగా. మూడోసారి అడిగేసరికి 'కాదు' వచ్చేది. ఊళ్ళో టీకొట్ల వాళ్ళు ఫోన్లు చేసి తిట్టేవాళ్ళు. పాలు తెచ్చిన రైతులు గేటు దగ్గర క్యాన్లు దించుకుని కూర్చుని తిట్టేవాళ్ళు. ఆ తిట్లు బస్సులో రానక్కర్లేదు గనక నేరుగా బాపినీడుకే తగిలేవి.

ఒక సాయంత్రం ఇంట్లో అతను చెప్పులు విడుస్తూనే అడిగాడు. "ఇవాళ రెండో ట్యాంకు ఎందుకు కాదన్నావ్?"

సుభాషిణి కూర తరుగుతోంది. నవ్వుతూ, "కారణాలు చెప్పకూడదండీ," అంది.

"నాక్కూడానా?"

"మీరు డిస్పాచి కదా."

ఆమె సరదాకే అంది. మామూలు రోజైతే అతనూ నవ్వేవాడే. కానీ ఆ రోజు పొద్దుట్నుంచి ఊరంతా అతన్ని కడిగిపారేసింది. అన్నం తినకుండా ముసుగుతన్ని పడుకున్నాడు. మర్నాడు ఇద్దరూ ఒకే స్కూటరు మీద వచ్చారు గానీ మాటల్లేవు.

ఆ రోజే ఎండీ గారు ఇద్దర్నీ పిలిపించారు. చక్రధర్ పక్కనే ఉన్నాడు.

"మీ ఇద్దరి మధ్య టైట్ కప్లింగ్ ఉన్నట్టు రిపోర్టొచ్చింది," అన్నారు ఎండీ గారు గంభీరంగా.

బాపినీడు భార్య వైపు చూడకుండా, "పెళ్ళయి చాలాకాలమైందండి," అన్నాడు.

"అది మీ వ్యక్తిగతం. ఆర్కిటెక్చర్ దృష్ట్యా సేవల మధ్య బంధం వదులుగా ఉండాలి. ఒక సేవ ఆగిపోయినా రెండోది దెబ్బతినకూడదు. మీరిద్దరూ ఒకే స్కూటరు మీద వస్తున్నారు. స్కూటరు ఆగిపోతే రెండు సేవలూ ఆగిపోతాయి. మధ్యాహ్నం క్యారేజీ చేతికి చేతికి ఇచ్చుకుంటున్నారని కూడా తెలిసింది."

"అన్నం కూడా బస్సులోనే పంపాలాండీ?" అంది సుభాషిణి.

"మినహాయింపులు ఇస్తూ పోతే వ్యవస్థ ఎలా నిలబడుతుంది మేడం?"

ఆ వేళ నుంచి సుభాషిణి ఆటోలో వచ్చేది. క్యారేజీ బస్సెక్కించేది. మొదటి రోజే అది డిస్పాచికి పోకుండా అకౌంట్ల సెక్షనులో దిగింది. అకౌంటెంటు గారు భార్య పుట్టింటికెళ్ళి ఉండడాన, ఎవరో పుణ్యాత్ములు పంపారనుకుని శుభ్రంగా తిని, క్యారేజీ కడిగి మళ్ళీ బస్సెక్కించేశారు. ఆకలితో కూర్చున్న బాపినీడు, భార్య కోపంతో వంట మానేసిందనుకున్నాడు. ఖాళీ క్యారేజీ చూసుకున్న సుభాషిణి, గుత్తొంకాయ వండినా ఒక్క మాట అనకుండా తిన్నాడనుకుంది. సాయంత్రం ఇంట్లో, "అన్నం తిన్నారా?" అంటే "కాదు" అన్నాడతను. అదేం జవాబో ఆమెకు తెలియలేదు. అడగడానికి అభిమానం అడ్డొచ్చింది. ఇటుకలు ఇంటి గోడల్లోకి కూడా వచ్చేసినట్టనిపించి, వంటింట్లో నిలబడి కాస్సేపు ఏడ్చింది.

ఆఫీసులో మాత్రం ఆమె సేవకు మంచి పేరొచ్చింది. ఒక సేవను ఒక్క పనికే వాడితే దండగని, అవసరమున్న వాళ్ళందరూ వాడుకోవచ్చని చక్రధర్ ప్రకటించాడు. దీన్ని పునర్వినియోగం అన్నారు. 'బాగుందా?' అన్న ప్రశ్నకు జవాబు చెప్పే సేవ సమాఖ్యలో ఒక్కటే ఉంది గనక అన్నీ అక్కడికే వచ్చి పడ్డాయి. క్యాంటీను నుంచి సాంబారు వచ్చింది. గ్యారేజీ నుంచి ఇంజనాయిలు సీసా వచ్చింది. ఎండీ గారి గదికి వేయబోయే రంగు ముక్క వచ్చింది. సుభాషిణి అన్నిటికీ 'అవును', 'కాదు' రాసి పంపుతూ పోయింది.

ఒక రోజు బస్సులోంచి ఇస్త్రీ చొక్కా వేసుకున్న ఒక కుర్రవాడు దిగాడు. జేబుకు గుండుసూదితో చీటీ గుచ్చి ఉంది. 'బాగున్నాడా? - ఛైర్మన్.' సమాఖ్య ఛైర్మన్ గారి మేనకోడలికి చూసిన పెళ్ళికొడుకట.

"కూర్చోండి బాబూ," అంది సుభాషిణి. ఏం చేయాలో తోచక కాఫీ ఇచ్చింది.

కుర్రవాడు పరీక్ష గొట్టాల వైపు బెరుగ్గా చూశాడు. "ఇక్కడ ఏం చేస్తారండీ?"

"మామూలుగా అయితే మరిగించి చూస్తాం."

అతను కుర్చీని గొట్టాలకు దూరంగా జరుపుకున్నాడు. ఆమెకు చాలారోజుల తర్వాత నవ్వొచ్చింది. ఏం చదువుకున్నావు, ఏం ఉద్యోగం అని అడిగింది. అమ్మాయి ఇష్టపడిందా అని కూడా అడిగింది. ఇద్దరూ ఒకే కాలేజీలో చదివారని తెలిసి, 'అవును' అని రాసి బస్సెక్కించింది. ముహూర్తం కూడా పెట్టేశారని తర్వాత తెలిసింది. ఆ విజయగాథను చక్రధర్ తన బొమ్మల్లో ఒకటిగా చేర్చుకున్నాడు.

పాల ఆలస్యం సంగతి మాత్రం అలాగే ఉంది. డిస్పాచి ఫిర్యాదుల మీద మళ్ళీ సమావేశం జరిగింది.

"దీనికి పరిష్కారం ఉంది," అన్నాడు చక్రధర్. "ప్రతి ప్రశ్నకూ గడువు పెడదాం. గడువులోగా జవాబు రాకపోతే 'అవును' అని భావించి పని కానిచ్చేయాలి."

సుభాషిణి గబుక్కున లేచింది. "పాలండీ ఇవి! జవాబు రాకపోతే 'కాదు' అనుకోవాలి గాని 'అవును' అని ఎలా అనుకుంటారు? పసిపిల్లలు తాగుతారు, ఆసుపత్రికి పోతాయి."

ఎండీ గారు చిరునవ్వు నవ్వారు. "మేడం, మనది ఆశావహ దృక్పథం గల సంస్థ. 'కాదు' అన్నది అడిగి తెచ్చుకోవాలి. 'అవును' అన్నది మన సహజ స్వభావం."

బాపినీడు తల దించుకుని కూర్చున్నాడు. మాట్లాడితే భార్య పక్షాన మాట్లాడినట్టవుతుంది. అంటే కప్లింగ్. అతను మాట్లాడలేదని సుభాషిణి గమనించింది. ఆ మౌనం ఆమెకు ఎండీ గారి మాటలకన్నా ఎక్కువ నొప్పి కలిగించింది.

గడువు నిబంధన వచ్చాక ఆలస్యాలు పోయాయి. ఎండీ గారి గదిలో గోడమీది పటంలో గీతలన్నీ పైకి లేచాయి. పటం చూసి ముచ్చటపడి, ఆధునికీకరణకు ఇచ్చే ఒక పురస్కారానికి దరఖాస్తు పెట్టారు. పరిశీలనకు ఢిల్లీ నుంచి ఒక కమిటీ వస్తోందని కబురొచ్చింది.

కమిటీ వచ్చిన రోజు బస్సును కడిగి, ముందు అద్దానికి బంతిపూల దండ వేశారు. కమిటీ సభ్యులు బస్సెక్కారు. ఎండీ గారు, చక్రధర్ ఎక్కారు. ఏసుపాదం కొత్త బిళ్ళ తగిలించుకుని, స్టీరింగు దగ్గర నిటారుగా కూర్చున్నాడు. "ఇదే మా సమాఖ్యకు వెన్నెముక," అని ఎండీ గారు సీట్లను తట్టి చూపిస్తున్నారు. బస్సులో కమిటీ ఉండడాన చీటీలు ఎక్కించుకోవడానికి తావు లేకపోయింది. క్యాంటీను దగ్గర ఆగి, సభ్యులకు పెసరట్టు ఉప్మా పెట్టించారు. బస్సు అక్కడే నిలబడిపోయింది.

ఆ వేళకు ల్యాబులో సుభాషిణి మూడో ట్యాంకు పాలను పరీక్షిస్తోంది. రెండు చుక్కల మందు వేసేసరికి పాలు గులాబీ రంగుకు తిరిగాయి. మళ్ళీ చేసింది. మళ్ళీ అదే రంగు. పైపులు కడిగిన కాస్టిక్ సోడా నీళ్ళు పూర్తిగా పోకుండా పాలల్లో కలిశాయి. ఆ పాలు తాగితే నోరూ కడుపూ కాలిపోతాయి.

చీటీ మీద 'కాదు' అని రాసి, పరీక్ష గొట్టం చేత్తో పట్టుకునే పరుగున స్టాపుకొచ్చింది. బస్సు లేదు. దూరంగా క్యాంటీను దగ్గర బంతిపూలు కనిపిస్తున్నాయి. చెయ్యెత్తింది. ఏసుపాదం ఆమెను చూశాడు గాని, కమిటీ వాళ్ళు కాఫీ తాగుతుంటే కదలడం మర్యాద కాదని చూడనట్టు కూర్చున్నాడు. ఇటుకలు పెట్టిన గోడ అవతల అప్పుడే ట్యాంకరు ఇంజను మోగింది. గడువు దాటింది. బాపినీడు రూలు ప్రకారం 'అవును' అని భావించాడు. ఆ ట్యాంకరు వెళ్ళేది ప్రభుత్వాసుపత్రికి, ఆడపిల్లల హాస్టలుకు.

సుభాషిణి చీటీ పారేసి, తెల్లకోటు కుచ్చిళ్ళకు అడ్డం పడుతుంటే దాన్ని చేత్తో ఎత్తిపట్టుకుని, ఆవరణకు అడ్డంగా పరుగెత్తింది. కమిటీ వాళ్ళు కప్పులు చేత్తో పట్టుకునే లేచి చూశారు.

"ఏవండీ! ఆపండి! మూడో ట్యాంకులో సోడా కలిసింది! పంపకండి! ఏవండీ!"

ఆమె గొంతు సేకరణ షెడ్డు నుంచి ప్రహరీ దాకా వినిపించింది. గేటు దగ్గర రైతులు లేచారు. బాపినీడు డిస్పాచి మెట్ల మీంచి దూకి, కదులుతున్న ట్యాంకరుకు ఎదురుగా వెళ్ళి, రెండు చేతులూ చాచి నిలబడ్డాడు. డ్రైవరు బ్రేకు మీద నిలబడి నోటికొచ్చినట్టు తిట్టాడు. ట్యాంకరు బాపినీడు చొక్కా బొత్తాల దాకా వచ్చి ఆగింది.

సుభాషిణి ఆయాసంతో అతని పక్కకొచ్చి, చేతిలోని పరీక్ష గొట్టం చూపించింది. అతను గులాబీ రంగు చూశాడు. ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. వెళ్ళి తన చేత్తోనే ట్యాంకరు కవాటం తిప్పాడు. పాలు మురికి కాలవలోకి పోతుంటే ఇద్దరూ పక్కపక్కన నిలబడి చూశారు.

"ఆ రోజు మీటింగులో నేను నోరెత్తాల్సింది సుభా," అన్నాడు.

"గుత్తొంకాయ ఎలా ఉందండీ?" అందామె, ఏడుస్తూనే.

"ఏ గుత్తొంకాయ?"

క్యారేజీ సంగతి అప్పుడు గాని తేలలేదు.

మధ్యాహ్నం ఎండీ గారి గదిలో విచారణ జరిగింది. కమిటీ ఎదుట పరువు పోయిందని ఆయన ముఖం కందిపోయి ఉంది. కమిటీ సభ్యులూ అక్కడే ఉన్నారు.

"మేడం, మీరు చేసినది నేరుగా సంప్రదించడం. బస్సును అతిక్రమించడం. పైగా కారణం కూడా చెప్పారు. 'సోడా కలిసింది' అని అరిచారు. మీ ఒప్పందంలో సోడా ఎక్కడుంది?"

సుభాషిణి బదులిచ్చేలోపే బాపినీడు ముందుకొచ్చాడు. "ఆవిడ అరవకపోతే నేను పంపించేసేవాణ్ణండి. రూలు ప్రకారమే పంపేవాణ్ణి. పిల్లలు ఆసుపత్రిలో పడి ఉంటే, మా రూలు సరిగ్గానే ఉందండీ అని వాళ్ళ అమ్మల దగ్గరికెళ్ళి మీరు చెబుతారా? నేను మాత్రం చెప్పలేనండి. సస్పెండు చేస్తే ఇద్దర్నీ చేయండి. మాది టైట్ కప్లింగేనండి."

ఎండీ గారు చక్రధర్ వైపు చూశారు. చక్రధర్ కమిటీ వైపు చూశాడు. అతను తెలివైనవాడు. మెల్లగా లేచి గొంతు సవరించుకున్నాడు.

"సార్, ఇందులో తప్పేమీ జరగలేదు. మేడం గారు చేసి చూపించింది మన రెండో దశ. దీన్ని ఈవెంట్ డ్రివెన్ ఆర్కిటెక్చర్ అంటారు. సంఘటన జరగగానే ప్రకటించాలి. ఎవరి కోసమని చూడక్కర్లేదు. ఎవరికి అవసరమో వాళ్ళు వింటారు, వాళ్ళను చందాదారులంటారు. డిస్పాచి వారు విన్నారు, ఆపారు. ప్రపంచంలో పెద్దపెద్ద సంస్థలన్నీ ఇప్పుడు దీంట్లోకే మారుతున్నాయి."

కమిటీ అధ్యక్షుడు తల పంకించాడు. "మాకు చూడగానే అలాగే అనిపించింది," అన్నాడు.

పురస్కారం వచ్చింది. బస్సు మళ్ళీ ఊళ్ళోకి వెళ్ళి ఉద్యోగుల్ని తేవడం మొదలుపెట్టింది. ఏసుపాదం బిళ్ళ తీసేసినా, రెండు రోజుల పాటు ప్రయాణికుల మాటల్ని మర్యాదగా మార్చి ఒకరికొకరికి చెబుతూనే ఉన్నాడు. ల్యాబు మేడ మీద నాలుగు దిక్కులకూ నాలుగు లౌడు స్పీకర్లు బిగించారు. సుభాషిణి ముందు మైకు పెట్టారు.

"ఇక మీరు అరవాలి మేడం," అన్నారు ఎండీ గారు ఆప్యాయంగా. "సంఘటన జరిగిందంటే చాలు, ప్రకటించేయండి. కారణాలు కూడా చెప్పవచ్చు."

ఆమెకు ఇంతకన్నా కావలసిందేమీ లేదు. "రెండో ట్యాంకు బాగుంది, పంపించవచ్చు. నాలుగోది పులుపు తిరిగింది, పెరుక్కి ఇవ్వండి. ఒకటోది ఇంకా చూడలేదు, తొందరపెట్టకండి," అని చెబుతుంటే ఆవరణంతా మోగేది. బాపినీడు పని మళ్ళీ చకచకా సాగింది.

లౌడు స్పీకర్ల గొంతు ప్రహరీ గోడతో ఆగదన్న సంగతి ఏ బొమ్మలోనూ లేదు. గోడ అవతల పాల బూతు ఉంది. పొద్దున్నే పాలకొచ్చే ఆడవాళ్ళు మొదట ఏదో పాట అనుకున్నారు. తర్వాత చెవులు పెట్టి విన్నారు. మర్నాడు ఇంకొంతమంది వచ్చారు. టీకొట్ల వాళ్ళు వచ్చారు. సుభాషిణి గొంతు వినిపించగానే అందరూ గప్‌చుప్‌గా నిలబడి, విన్నాక బూతు వాడితో, "ఒరేయ్, ఇవి రెండో ట్యాంకువేనా? నాలుగోది మాకొద్దు," అని బేరం పెట్టేవాళ్ళు. పెరుక్కని పక్కన పెట్టిన పులిసిన పాలను కాస్త బూతులో సర్దేయడం సమాఖ్యలో ఎప్పట్నుంచో ఉన్న అలవాటు. ఇప్పుడు సర్దుతుంటే ఊరు ఒప్పుకోవడం లేదు.

ఎండీ గారు కంగారుపడి ల్యాబుకొచ్చారు. "మేడం, మనకు తెలియని చందాదారులెవరో వింటున్నారు. ఇది భద్రతా లోపం. ఇవాళ నుంచి ఒకే ప్రకటన చేయండి. 'అన్ని ట్యాంకుల పాలూ బాగున్నాయి.' అంతే."

"రెండో ట్యాంకు పాలు విరిగిపోయాయండి ఇవాళ."

"ఆ సంగతి మీ ఆయనకు చెవిలో చెప్పుకోండి. పర్మిషను ఇస్తున్నాను."

సుభాషిణి మైకు దగ్గర కూర్చుంది. ఉద్యోగం పోతే ఇల్లు ఎలా గడుస్తుందా అని ఒక్క క్షణం ఆలోచించింది. తర్వాత బటను నొక్కింది.

"అన్ని ట్యాంకుల పాలూ బాగున్నాయని చెప్పమని ఎండీ గారు చెప్పారండి. రెండో ట్యాంకు పాలు విరిగాయండి."

గోడ అవతల ఒక్కసారిగా నవ్వులు. డిస్పాచిలో బాపినీడు రెండో ట్యాంకు కవాటానికి తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకున్నాడు.

ఎండీ గారు ఆ జనాన్ని చెదరగొట్టి, అసలు వాళ్ళెవరో పేర్లు తెలుసుకుని, రేపట్నుంచి గోడ దగ్గరికి ఎవర్నీ రానివ్వకూడదని వాచ్‌మన్‌ను వెంటబెట్టుకుని విసవిసా గేటు దాటారు. ఆయన్ని చూసి జనం నవ్వాపుకుని కాస్త పక్కకు తప్పుకున్నారు. బూతు ముందు, స్టీలు క్యాను చేతిలో పెట్టుకుని, ఆయన భార్య నిలబడి ఉంది.

"నువ్వేంటి ఇక్కడ?" అన్నారాయన.

"పాలకొచ్చాను."

"ఇంటికి పాలు పంపిస్తున్నారుగా రోజూ?"

"పంపిస్తున్నారు. అవి ఏ ట్యాంకువో మీరెప్పుడైనా చెప్పారా?" అందావిడ. "ఇక్కడైతే ఆ అమ్మాయి చెబుతుంది. కాస్త జరగండి, వెనకాల లైనుంది."